ఒమాన్ బిడ్డ అల్ ఖలీల్ – అక్షరాలను లెక్కపెట్టిన మహనీయుడు



ఏటా ఈ సంచికలో ఒక మహనీయుడి జీవితాన్ని పరిచయం చేయడం మన బడి ఆనవాయితీ. ఇంతవరకు తెలుగునాట పుట్టినవారినే ఎంచుకుంటూ వచ్చాము. ఈసారి మాత్రం మనకు అన్నం పెడుతున్న ఈ ఒమాన్ గడ్డ మీద పుట్టిన ఒక పెద్దాయన కథ చెప్పాలనుకున్నాము. దానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది మన తరగతి గదిలోదే. ఒక శుక్రవారం పెద్ద పిల్లలకు లఘువులు, గురువులు, గణాలు చెబుతున్నాము. ఒక అబ్బాయి లేచి, తాను పెద్దయ్యాక కంప్యూటర్ సైన్సు చదువుతానని, ఈ గణాలతో తనకేం పని అని అడిగాడు. మాకు వెంటనే జవాబు తోచలేదు. మన సంస్కృతి, మన భాష అని ఏదో చెప్పి పాఠం ముగించాము గానీ, ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు.

రెండవది కొంచెం బాధాకరమైనది. రెండేళ్ళ కిందట మాలో ఒకరికి ఫోను వచ్చింది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని, కార్డు ఆగిపోయిందని అవతలివారు ఎంతో మర్యాదగా చెప్పారు. ఫోనుకు వచ్చిన ఆరంకెల సంఖ్యను మావారు చదివి వినిపించారు. అయిదు నిమిషాల్లో, ఊళ్ళో అమ్మానాన్నలకు పంపుదామని దాచిన సొమ్మంతా పోయింది. ఆయన ఇంజినీరింగ్ చదివినవారే. సిగ్గుతో నెల రోజులు ఇంట్లో కూడా చెప్పలేకపోయారు.

గణాల పాఠానికి, ఈ మోసానికి ఏమిటి సంబంధం అంటారా? రెంటినీ కలిపే మనిషి ఒకాయన ఉన్నారు. పన్నెండున్నర శతాబ్దాల కిందటి మనిషి. ఆయన పేరు అల్ ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అల్ ఫరాహీదీ.

ఒమాన్ నుంచి బస్రాకు

అల్ ఖలీల్ సుమారు 718లో ఒమాన్‌లో పుట్టారు. అజ్ద్ అనే పెద్ద అరబ్బు తెగలో ఫరాహీద్ శాఖ వారిది. అందుకే ఫరాహీదీ అన్న ఇంటిపేరు లాంటి పేరు వచ్చింది. మనం సొహార్ వైపు కారులో వెళ్ళేటప్పుడు దాటే బాతినా తీరంలోని వుదామ్ ఆయన జన్మస్థలమని ఒమానీలు చెప్పుకుంటారు.

చిన్ననాడే ఆయన నేటి ఇరాక్‌లోని బస్రా నగరం చేరారు. ఒమాన్ అజ్ద్ కుటుంబాలు అప్పటికే అక్కడ చాలా స్థిరపడి ఉండేవి. అంటే మనలాగే ఆయనా పుట్టిన ఊరు వదిలి, తనవాళ్ళు కొందరున్న పరాయి నగరంలో పెరిగినవారే!

బస్రా ఓడల రాకపోకలతో కళకళలాడే ఊరు. అరబ్బులు, పర్షియన్లు, ఇంకా ఎన్నో దేశాలవారు అక్కడ కలిసి బతికేవారు. వీధిలో నాలుగు భాషలు వినిపించే చోట ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. మన పిల్లలు ‘ళ’ని ‘ల’గా, ‘ణ’ని ‘న’గా పలికినట్లే అక్కడా అరబ్బీ ఉచ్చారణ మారిపోసాగింది, మాటలు కలగాపులగం కాసాగాయి. పెద్దలకు దిగులు పట్టుకుంది. భాషను కాపాడాలంటే దాన్ని కొలవాలి, లెక్కకట్టాలి, క్రమంలో పెట్టాలి అని బస్రా పండితులు పూనుకున్నారు. ఆ పండితులలో మేటి అల్ ఖలీల్.

సుత్తి దెబ్బల పాఠం

ఒకరోజు ఆయన బజారులో నడుస్తూ ఉంటే లోహపు పనివాళ్ళ సుత్తి దెబ్బలు వినిపించాయట. టక్, టటక్, టక్, టటక్. ఆ దెబ్బలకూ, దెబ్బల నడుమ విరామానికీ ఒక వరుస ఉంది. కవులు పాడే పద్యాలలోనూ ఇలాంటి వరుసే ఉంది కదా అని ఆయనకు తట్టిందని పాత గ్రంథాలు చెబుతున్నాయి.

అప్పటికి అరబ్బు కవులు వందల ఏళ్ళుగా పద్యాలు చెబుతున్నారు. అవి చెవికి ఇంపుగా ఉన్నాయో లేదో చెప్పగలరు గానీ, ఎందుకు ఇంపుగా ఉన్నాయో చెప్పే శాస్త్రం లేదు. అల్ ఖలీల్ అక్షరాలను రెండే రెండు రకాలుగా విడదీశారు. అచ్చు కలిసి కదిలే అక్షరం ఒకటి. అచ్చు లేకుండా నిలిచిపోయే అక్షరం ఒకటి. మన భాషలో చెప్పాలంటే మామూలు అక్షరం, పొల్లు అక్షరం అన్నమాట. కదిలే అక్షరం ఒంటరిగా ఉంటే లఘువు. దాని వెనుక నిలిచే అక్షరం వస్తే రెండూ కలిసి గురువు. మన ‘అమ్మ’ అన్న మాటలో ‘అమ్’ గురువు, ‘మ’ లఘువు. చూశారా, లెక్క ఒకటే!

ఈ చిన్న ముక్కలకు ఆయన పెట్టిన పేర్లు కూడా ముచ్చటగా ఉంటాయి. అరబ్బీలో పద్యాన్ని బైత్ అంటారు. బైత్ అంటే ఇల్లు, గుడారం. గుడారానికి కావలసినవి తాడు, మేకు. అందుకని రెండక్షరాల ముక్కకు తాడు అని, మూడక్షరాల ముక్కకు మేకు అని పేర్లు పెట్టారు. ఎడారి పిల్లవాడికి కూడా ఇట్టే గుర్తుండిపోయే పేర్లు కదా!

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరకు వద్దాం. కంప్యూటర్ లోపల బొమ్మ అయినా, పాట అయినా, అమ్మమ్మతో మాట్లాడే వీడియో అయినా చివరకు రెండే గుర్తులుగా ఉంటుంది. సున్నా, ఒకటి. ఒక్కొక్క గుర్తును బిట్ అంటారు. ఎనిమిది బిట్లు కలిస్తే బైట్. ఎందుకు రెండే? కరెంటు ఉందా లేదా అన్నది తేలికగా, పొరపాటు లేకుండా తెలుస్తుంది కనుక. రెండే గుర్తులతో లోకాన్నంతా రాయవచ్చన్న ఆలోచన పద్యాన్ని కొలిచినవారికి ఏనాడో పరిచయం.

మన దేశంలో అంతకన్నా చాలా ముందే పింగళుడు లఘు గురువులతో ఇదే పని చేశారు. మూడు స్థానాలలో రెండేసి గుర్తులు పెడితే ఎన్ని రకాలు వస్తాయి? రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. అందుకే మన గణాలు ఎనిమిది. లఘువుకు 0, గురువుకు 1 రాసుకుని చూడండి: య 011, మ 111, త 110, ర 101, జ 010, భ 100, న 000, స 001. మూడు బిట్లతో రాయగలిగిన సంఖ్యలన్నీ ఇవే! ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. ఆ అబ్బాయి ప్రశ్నకు ఇదీ మా మొదటి జవాబు.

చక్రంలో దాగిన ఛందస్సు

అల్ ఖలీల్ మొత్తం 15 వృత్తాలను గుర్తించి వాటిని అయిదు చక్రాలలో అమర్చారు. చక్రం ఎందుకంటే, ఒకే వరుసను వేర్వేరు చోట్ల మొదలుపెట్టి చదివితే వేర్వేరు ఛందాలు వస్తాయి.

మనమే చేసి చూద్దాం. అరబ్బీలో ఫఊలున్ అన్న గణం ఉంది. ఫ లఘువు, ఊ గురువు, లున్ గురువు. అంటే మన య గణమే. దీన్ని పాదానికి నాలుగుసార్లు వాడితే వారి ముతకారిబ్ ఛందం. మన భుజంగప్రయాతంలోనూ పాదానికి నాలుగు య గణాలే! ఇప్పుడు 011 011 011 011 అని గుండ్రంగా రాసి, మూడవ గుర్తు నుంచి చదవండి. 101 101 101 101 వస్తుంది. అది ర గణం. నాలుగు ర గణాలు మన స్రగ్విణి. అరబ్బీలో అది ఫాఇలున్ గణంతో నడిచే ముతదారిక్. ఈ ముతదారిక్‌ను అల్ ఖలీల్ తన 15లో చేర్చలేదు. తరువాత అల్ అఖ్ఫష్ అనే పండితుడు పదహారవ ఛందంగా చేర్చారని సంప్రదాయం. కానీ దానికి చోటు చక్రంలో ముందే ఉంది! లెక్క సరిగా ఉంటే, ఇంకా ఎవరూ వాడనిదాన్ని కూడా అది చూపిస్తుంది.

ఆయన మన ఛందశ్శాస్త్రం గురించి విన్నారా? పదకొండవ శతాబ్దంలో భారతదేశం గురించి గొప్ప గ్రంథం రాసిన అల్ బిరూనీ రెండు ఛందస్సులనూ పోల్చి, ఖలీల్ భారతీయుల పద్ధతి గురించి విని ఉండవచ్చని కొందరు అనుకుంటున్నట్లు రాశారు. రుజువు లేదు. ఎవరికి వారే కనిపెట్టినా, ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నా, మనకు ఆనందమే.

ఈ పనిలో ఆయన ఎంత మునిగిపోయేవారంటే, ఒకసారి కొడుకు గదిలోకి వచ్చేసరికి తండ్రి ఒంటరిగా కూర్చుని అర్థంలేని శబ్దాలు వల్లిస్తున్నారు. పిల్లవాడు హడలిపోయి బయటకు పరుగెత్తి, నాన్నకు పిచ్చెక్కిందని అందరికీ చెప్పాడట! గణాలు వల్లించే మన పిల్లల్ని చూసి పక్క ఫ్లాటువారు ఏమనుకుంటున్నారో మరి!

చుక్కల చిక్కు

ఆ రోజుల్లో అరబ్బీ రాతలో ఒక ఇబ్బంది ఉండేది. అక్షరాలను వేరుచేయడానికి చుక్కలు, అచ్చులను చూపడానికీ రంగు చుక్కలే. రంగు సిరా దొరకకపోతే ఏ చుక్క దేనికో తెలియదు. అల్ ఖలీల్ అచ్చులకు చుక్కలు మాని చిన్న చిన్న అక్షర రూపాలను పెట్టారని చెబుతారు. మస్కట్‌లో చదివే మన పిల్లలు స్కూల్లో నేర్చుకునే ఫత్‌హా, దమ్మా, కస్రా గుర్తులు ఆ మార్పు నుంచి వచ్చినవే. ద్విత్వానికి పెట్టే షద్దా గుర్తు షీన్ అక్షరం తలభాగం.

ఇది చిన్న విషయం కాదు. ఒక గుర్తుకు ఒకే అర్థం ఉండాలి, అది అందరికీ ఒకటే కావాలి అన్నదే సమాచారానికి మూలసూత్రం. ఈ బాధ మనమూ పడ్డాము. 2000 తొలినాళ్ళలో తెలుగులో ఒక ఉత్తరం టైపు చేసి పంపితే, అవతల ఆ ఫాంటు లేకపోతే డబ్బాలు, పిచ్చి గీతలు కనిపించేవి. ఒక్కొక్క ఫాంటు ఒక్కొక్క సంఖ్యను ఒక్కొక్క అక్షరానికి వాడేది. యూనికోడ్ అనే ప్రపంచ ఒప్పందంలో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, అది మన కంప్యూటర్లలోకి, ఫోన్లలోకి దిగి స్థిరపడడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు ‘అ’ అంటే ఎక్కడైనా 3077. ‘అమ్మ’ అని రాస్తే నాలుగు సంఖ్యలు: అ 3077, మ 3118, పొల్లు 3149, మళ్ళీ మ 3118. 3077ను సున్నాలు ఒకట్లలో రాస్తే 110000000101. మస్కట్‌లో నొక్కిన ‘అమ్మ’ మచిలీపట్నంలో ‘అమ్మ’గానే కనిపిస్తోందంటే, అందరూ ఒకే గుర్తుకు ఒకే అర్థం ఒప్పుకున్నందువల్లనే.

కోటీ ఇరవై మూడు లక్షల గదుల పెట్టె

అల్ ఖలీల్ చేసిన మరో మహాకార్యం కితాబ్ అల్ ఐన్. అరబ్బీ భాషకు మొట్టమొదటి నిఘంటువు ఇదే. గుర్తుకొచ్చిన మాటలు రాసుకుంటూ పోతే కొన్ని తప్పిపోతాయి కదా? ఒక్కటీ తప్పిపోకుండా ఎలా?

ముందు అక్షరాలను నోటిలో పుట్టే చోటును బట్టి వరుసలో పెట్టారు. గొంతు లోపలి నుంచి మొదలుపెట్టి పెదవుల దాకా. గొంతులో పుట్టే ఐన్ మొదటిది కనుక పుస్తకానికి ఆ పేరు. మన హల్లుల వర్గాలూ అంతే కదా! క వర్గం గొంతులో మొదలై, ప వర్గం పెదవులతో ముగుస్తుంది.

తరువాత మాటల వేళ్ళను పట్టుకున్నారు. అరబ్బీ మాటలు ఎక్కువగా మూడు హల్లుల ధాతువు నుంచి పుడతాయి. కాఫ్, తా, బా కలిస్తే రాతకు సంబంధించిన మాటలు. కితాబ్ అంటే పుస్తకం. మక్తబ్ అంటే ఆఫీసు, మనం రోజూ బోర్డుల మీద చూసేదే. మక్తబా అంటే గ్రంథాలయం. మూడు అక్షరాలను ఆరు విధాలుగా తిప్పవచ్చు. నాలుగైతే 24, అయిదైతే 120. అల్ ఖలీల్ ఇలా అన్ని మార్పులూ రాసి, వాడుకలో ఉన్నవి ఇవి, వాడుకలో లేనివి ఇవి అని విడదీశారు.

తెలుగులో ప్రయత్నిద్దాం. క, ల, ప తీసుకోండి. కలప, కపల, లకప, లపక, పకల, పలక. ఆరింటిలో కలప, పలక మనకు తెలిసిన మాటలు. మిగతా నాలుగూ ఖాళీ గదులు. గదులన్నీ ముందే కట్టేస్తే ఏ మాటా తప్పించుకోలేదు!

28 అక్షరాలతో, ఒకే అక్షరం రెండుసార్లు రాకుండా, గదులు ఎన్నో లెక్కవేద్దాం. రెండక్షరాలవి 756. మూడక్షరాలవి 19,656. నాలుగక్షరాలవి 4,91,400. అయిదక్షరాలవి 1,17,93,600. అన్నీ కలిపితే 1,23,05,412. నేడు దీన్ని కంప్యూటర్‌కు ఇస్తే రెప్పపాటులో చేస్తుంది. కానీ ఎలా చేయాలో ఒక్కొక్క అడుగూ మనమే చెప్పాలి. అలా తప్పకుండా చెప్పిన అడుగుల వరుసనే అల్గారిథమ్ అంటారు. ఆ మాట అల్ ఖలీల్ తరువాతి తరంలో బాగ్దాద్‌లో గణితం రాసిన అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి వచ్చింది.

నిఘంటువును అల్ ఖలీల్ పూర్తిచేయలేదు. పథకం ఆయనది, పూర్తిచేసింది ఆయన శిష్యుడు అల్ లైస్ అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఆయన మరో శిష్యుడు సీబవైహ్ అరబ్బీ వ్యాకరణానికి మూలస్తంభం లాంటి గ్రంథం రాశారు. అందులో గురువుగారి మాట వందలసార్లు వస్తుంది. సీబవైహ్ మాతృభాష అరబ్బీ కాదు, ఆయన పర్షియన్. పిల్లలూ, నేర్చుకోవాలన్న పట్టుదల ఉంటే ఇంట్లో మాట్లాడని భాషలో కూడా పండితులు కావచ్చని దీనివల్ల తెలియడం లేదూ?

రహస్య లేఖ

ఒకసారి గ్రీకు భాషలో, గుప్తలిపిలో రాసిన ఒక లేఖ ఆయన చేతికి వచ్చిందట. నెల రోజులు కూర్చుని విప్పారు. ఎలా విప్పారని అడిగితే ఆయన చెప్పిన ఉపాయం చాలా సులువైనది. లేఖ దేవుడి పేరుతో మొదలై ఉంటుందని ఊహించారు. ఆ మాటలోని అక్షరాలను మొదటి గుర్తులతో జతచేశారు. కొన్ని గుర్తులు తెలిసేసరికి మిగతావి ఒక్కొక్కటే లొంగాయి. ఈ అనుభవంతో గుప్తలేఖల మీద కితాబ్ అల్ ముఅమ్మా అనే పుస్తకం రాశారు. అది నేడు దొరకడం లేదు. తొమ్మిదవ శతాబ్దంలో అల్ కిందీ అనే పండితుడు ఇంకో అడుగు వేసి, ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి గుప్తలిపిని విప్పే పద్ధతి రాశారు.

రెండవ ప్రపంచయుద్ధంలో జర్మన్ల ఎనిగ్మా యంత్రపు సందేశాలను ఇంగ్లండులోని బ్లెచ్‌లీ పార్క్‌లో విప్పినప్పుడు కూడా ఇదే కిటుకు పనికొచ్చింది. వాతావరణ నివేదికల వంటి సందేశాలలో ఏ మాట తప్పక ఉంటుందో ముందే ఊహించి, అక్కడి నుంచి అల్లుకుపోయారు.

అల్ ఖలీల్ మనకు నేర్పిన భద్రతా పాఠం ఇదే. తాళం ఎంత గట్టిదైనా, అవతలివాడు ఊహించగలిగేది లోపల ఉంటే అది తెరుచుకుంటుంది. మన పాస్‌వర్డ్ పిల్లల పేరు, పుట్టిన సంవత్సరం, లేదా 123456 అయితే, దొంగకు నెల రోజులు కూడా అక్కరలేదు.

గుడిసె, ఎండు రొట్టె

ఇంత చదువుతో ఆయన కోట్లు గడించారా? లేదు. బస్రాలో రెల్లు గుడిసెలో ఉండేవారు. ఆయన నేర్పిన విద్యతో శిష్యులు డబ్బు సంపాదించుకుంటూ ఉంటే ఆయన మాత్రం ఉన్నదానితో సరిపెట్టుకునేవారు. అహ్వాజ్ ప్రాంతపు పాలకుడు సులైమాన్ ఆయనను తన కొలువుకు రమ్మని దూతను పంపారు. అల్ ఖలీల్ ఇంట్లో ఉన్న ఎండు రొట్టెను దూతకు చూపించి, ఇది దొరికినంతకాలం తనకు ఆ పాలకుడి అవసరం లేదని చెప్పి పంపేశారట. కోపం వచ్చి ఆయనకు ఇచ్చే భృతిని కూడా ఆపేశారంటారు. ఆయన చలించలేదు.

డబ్బు కోసమే దేశం దాటి వచ్చిన మాలాంటి వారికి ఈ కథ చదివితే కొంచెం గుచ్చుకుంటుంది. అందరం అలా బతకలేం. కానీ ఆశ చూపి పిలిచే ప్రతి పిలుపుకూ పరుగెత్తనక్కరలేదన్నది మాత్రం నేర్చుకోవచ్చు. లాటరీ తగిలిందనో, ఇంట్లో కూర్చుని వేల రియాళ్ళు సంపాదించవచ్చనో వచ్చే సందేశాలన్నీ ఆ దూతలాంటివే. చూపించడానికి మన దగ్గర ఒక ఎండు రొట్టె ఉండాలి.

చివరి లెక్క

అల్ ఖలీల్ మరణం గురించి చెప్పే కథ మాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఒక పనిపిల్ల దుకాణానికి వెళితే దుకాణదారు లెక్కలో మోసం చేయకుండా ఉండాలి. చదువులేని పిల్ల కూడా తేలికగా వాడగలిగే లెక్క పద్ధతి ఒకటి కనిపెట్టాలని ఆయన ఆలోచిస్తున్నారు. ఆ ధ్యాసలోనే మసీదులోకి నడుస్తూ ఎదురుగా ఉన్న స్తంభాన్ని చూసుకోలేదు. గుద్దుకుని పడిపోయారు. ఆ దెబ్బతోనే కన్నుమూశారంటారు. పద్యం గణవిభజన చేసుకుంటూ నడిచారని కొందరు చెబుతారు. 786 నుంచి 791 లోపల, బస్రాలో, ఆయన జీవితం ముగిసింది.

కోటి గదుల నిఘంటువును ఊహించిన మేధావి, చివరి క్షణంలో ఆలోచించింది ఒక పనిపిల్ల సంచిలోని చిల్లర గురించి! చదువు ఎవరికోసం అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు మాకు తెలియదు.

ఆయన ఆ పద్ధతిని పూర్తిచేయలేదు. ఆ పనిని మనం మన ఇళ్ళలో పూర్తిచేద్దాం.

మన ఇంటికి పాఠాలు

ఒకటి. పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండాలి. ఆంగ్ల చిన్న అక్షరాలు ఎనిమిదింటితో 20,882 కోట్లకు పైగా రకాలు వస్తాయి. ఎక్కువ అనిపిస్తుంది గానీ వేగమైన యంత్రాలకు అది ఎక్కువ కాదు. ఇంకో నాలుగు అక్షరాలు చేరిస్తే అది 4,56,976 రెట్లు పెరుగుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపితే గుర్తుంటుంది, ఊహకు అందదు. ఒక్కొక్క ఖాతాకు ఒక్కొక్క పాస్‌వర్డ్ పెట్టండి.

రెండు. ఫోనుకు వచ్చే ఓటీపీ సంఖ్య మీ ఇంటి తాళంచెవి. బ్యాంకువారు గానీ, పోలీసులు గానీ, టెలిఫోను కంపెనీవారు గానీ దాన్ని అడగరు. అడిగారంటే వారు దొంగలే. ఆరంకెల్లో 10 లక్షల రకాలున్నాయి. దొంగ వాటిని ఒక్కొక్కటే ప్రయత్నించలేడు కనుకనే మనల్ని అడుగుతున్నాడు.

మూడు. బ్రౌజర్‌లో కనిపించే తాళం గుర్తు దారి రహస్యంగా ఉందని మాత్రమే చెబుతుంది. అవతల ఉన్నవాడు మంచివాడని చెప్పదు. చిరునామాను అక్షరం అక్షరం చదవండి. గణవిభజన చేసేటప్పుడు ఒక్క పొల్లు కూడా వదలకుండా చూస్తాం కదా, అలాగ!

నాలుగు. తొందరపెట్టేవాడిని నమ్మకండి. ఫోను పెట్టేసి, కార్డు వెనుక ఉన్న నంబరుకు మీరే చేయండి.

అయిదు. మోసపోతే సిగ్గుపడకండి. వెంటనే బ్యాంకుకు చెప్పండి, పోలీసులకు చెప్పండి. ఒమాన్‌లో 2011 నుంచి సైబర్ నేరాలకు ప్రత్యేక చట్టం ఉంది. ఇండియాలోని ఖాతా అయితే అక్కడివారు 1930 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. అన్నిటికంటే ముందు ఇంట్లో చెప్పండి. మాలో నష్టపోయినవారు ఆ నెల రోజుల మౌనమే డబ్బుకంటే ఎక్కువ బాధపెట్టిందని ఇప్పుడంటారు. ఈ వ్యాసంలో తన కథ రాయమని అడిగింది కూడా ఆయనే.

ముగింపు

నేడు నిజ్వా విశ్వవిద్యాలయంలో అరబ్బీ అధ్యయన కేంద్రానికి అల్ ఖలీల్ పేరు పెట్టుకున్నారు. ఆయన గుర్తులు మన పిల్లల అరబ్బీ వాచకంలో ప్రతి పేజీలో ఉన్నాయి.

గణాలతో తనకేం పని అని అడిగిన ఆ అబ్బాయికి ఇన్నాళ్ళకు మా జవాబు దొరికింది. నాయనా, గణాలు రెండు గుర్తుల లెక్క. ఆ లెక్కతోనే నీ కంప్యూటర్ నడుస్తుంది. నువ్వు పుట్టి పెరుగుతున్న ఈ నేల మీద పుట్టినాయన, పరాయి ఊళ్ళో తన భాషను కాపాడుకోవడానికి ఆ లెక్క మొదలుపెట్టారు. నువ్వూ పరాయి ఊళ్ళో నీ భాషను నేర్చుకుంటున్నావు. రెండూ మానకు.

పిల్లలకు ఒక చిన్న పని. మీ పేరులోని లఘు గురువులను సున్నాలు, ఒకట్లుగా రాసి తీసుకురండి. పేరును చక్రంలా తిప్పి చదివితే ఏ గణం వస్తుందో కూడా చూడండి. అమ్మానాన్నలకు ఇంకో పని. ఈ వారం ఊరికి ఫోను చేసినప్పుడు, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని నానమ్మకు, తాతయ్యకు తెలుగులో, నిదానంగా, రెండుసార్లు చెప్పండి. అల్ ఖలీల్ గారి చివరి లెక్కలో మన వంతు అదే.

అందరికీ శుభాకాంక్షలతో,
మీ తెలుగు బడి ఉపాధ్యాయ బృందం, మస్కట్